వంతెనకు అడ్డంగా కూర్చున్న మా మేడమ్

పోయిన శుక్రవారం తెల్లవారి మేడమ్ వెళ్లిపోయారు. కబురు అందేసరికి నేను ఒక పాత వంతెన కింద, ఇసుకలో నిలబడి దాని అడుగుభాగాన్ని టార్చి వేసి చూస్తున్నాను. ఫోన్ చేసింది మేడమ్ చెల్లెలు, అక్కను ఆపా అని పిలిచేవారు. కాజీపేటలో అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు. "ఆపా పోయింది బిడ్డా. ఫజర్ నమాజు చదువుకొని కుర్చీల కూసున్నది. చాయ్ తెచ్చేవరకు లేదు" అన్నారామె. తర్వాత ఇంకేదో చెప్పారు గానీ అప్పుడే పైనుంచి ఒక లారీ పోయింది, ఆ చప్పుడులో నాకు వినపడలేదు. వంతెన సన్నగా వణికి సర్దుకుంది. వంతెన కదలడం తప్పు కాదనీ, బరువు మీద పడ్డప్పుడు కొంచెం వంగి మళ్లీ లేచేదే బతికున్న వంతెన అనీ మాకు చెప్పింది మేడమే. కాసేపు అక్కడే ఒక రాయి మీద కూర్చున్నాను. మా డ్రైవర్ వచ్చి ఏమైంది మేడమ్ అని అడిగాడు. నన్ను ఆ మాటతో పిలుస్తుంటే ఆ రోజు మొదటిసారి ఇబ్బందిగా అనిపించింది.

ఆమె పేరు ఇక్కడ రాయను. వరంగల్లులో ఆమె దగ్గర డిప్లొమా చదివినవాళ్లకు "మేడమ్" అంటే చాలు, ఇంకెవరూ గుర్తుకు రారు. మిగతా లేడీ లెక్చరర్లకు సబ్జెక్టు పేరు తగిలించేవాళ్లం. ఈమెకు అవసరం పడలేదు. నాన్న, అన్నలు అందరూ రైల్వేలో పనిచేసిన ఇంటి నుంచి వచ్చారు. సివిల్ ఇంజనీరింగ్ ఎందుకు తీసుకున్నారని ఒకసారి అడిగితే, "మా ఇంట్ల అందరు రైళ్ల మీద పోయెటోళ్లే. ఆ రైలు దేని మీద పోతదో సూద్దామనుకున్న" అన్నారు. నూలు చీర, తలమీద కొంగు, కాళ్లకు కాన్వాస్ బూట్లు. ఆ బూట్లను చూసి మొదటి రోజు క్లాసంతా నవ్వింది. రెండో వారం మమ్మల్ని ఒక కల్వర్టు కింద బురదలోకి దింపినప్పుడు, చెప్పులు ఊడిపోయి మేం తంటాలు పడుతుంటే ఆమె మాత్రం అవతలి ఒడ్డుకు పోయి నిలబడి మాకోసం చూస్తున్నారు.

"గట్టి" అన్న మాట ఆమె ముందు అనకూడదు. ఈ స్లాబు గట్టిగా ఉంది మేడమ్ అంటే, "ఎంతకు గట్టి?" అని అడిగేవారు. గుప్పెడు బియ్యానికి చాట గట్టిదే, బస్తాకు కాదు అనేవారు. అదే మాట ఇంట్లో మా అమ్మతో అని తిట్లు తిన్నాను.

ఆమె మొదటి పాఠం గిన్నెలు తోమే స్పాంజితో. దాని పక్కన స్కెచ్ పెన్నుతో నిలువు గీతలు గీసి, రెండు డస్టర్ల మీద అడ్డంగా పెట్టి, నడుమ వేలితో నొక్కారు. పైన గీతలు దగ్గరికి జరిగాయి, కింద గీతలు విచ్చుకున్నాయి. వంతెన అంటే ఇంతే, పైన నలుగుతుంది, కింద సాగుతుంది అన్నారు. కాంక్రీటు నలుగుడుకు తట్టుకుంటుంది గానీ సాగుడుకు తట్టుకోదు, పగులుతుంది. అందుకే సాగే చోట ఇనుము పెడతాం. ఎన్నో పెద్ద పుస్తకాలు తర్వాత చదివాను. ఇప్పటికీ ఏ స్లాబు కింద నిలబడినా నాకు ముందుగా కనిపించేది ఆ పచ్చటి స్పాంజే.

వేలాడే వంతెన పాఠానికి మాత్రం ఆమెకు తాడు కావలసి వచ్చింది. హనుమకొండలో మాది తాళ్లు, బకెట్లు, గొలుసులు అమ్మే దుకాణం. ఒకరోజు సాయంత్రం ఆమె మా దుకాణానికే వచ్చారు. నేను గల్లా దగ్గర కూర్చున్నాను, గబుక్కున లేచి నిలబడ్డాను. నాన్న ఆమెకు కుర్చీ వేసి, దేనికి తాడు అని అడిగాడు. చెప్పడం కన్నా చూపించడం నయమని ఆమె తాడు ఒక కొస నాన్న చేతికిచ్చి, ఇంకో కొస మా గుమాస్తా చేతికిచ్చి, నడుమ ఒక బకెట్ తగిలించి, ఇప్పుడు తాడును తిన్నగా లాగండి అన్నారు. ఇద్దరూ పళ్లు బిగించి లాగారు. ఎంత లాగినా నడుమ ఆ చిన్న వంపు పోలేదు. లాగినకొద్దీ చేతులు కోసుకుపోతున్నాయి తప్ప తాడు తిన్నగా కాలేదు. "తాడును జర వదలండ్రి, వంగనియ్యండ్రి" అన్నారామె. వదలగానే బకెట్ కిందికి దిగింది, ఇద్దరి చేతులకూ సుఖం వచ్చింది. వేలాడే వంతెన తీగకు ఆ వంపు అందం కోసం ఇవ్వరనీ, వంపు తగ్గినకొద్దీ తీగ మీద లాగుడు పెరుగుతుందనీ ఆమె నాన్నకు వివరించారు. దుకాణం ముందు గిరాకీకి వచ్చినవాళ్లు నిలబడి చూస్తున్నారు. ఎండల్లో తిరిగే చదువు ఆడపిల్లకెందుకని అప్పటిదాకా గొణిగే నాన్న, ఆ రాత్రి అన్నం తింటూ అమ్మకు కంచం మీద వేలితో తీగ వంపు గీసి చూపించాడు. తర్వాత ఆ గొణుగుడు వినలేదు.

క్లాసులో ఆ తాడుతో మమ్మల్నే వంతెన చేశారు. పొడుగ్గా ఉన్న ఇద్దరు అబ్బాయిలు స్తంభాలు. వాళ్ల భుజాల మీదుగా తాడు వేసి, రెండు కొసలూ నేలమీద కూర్చున్న ఇద్దరి చేతికిచ్చారు. అందులో ఒకదాన్ని నేను. నడుమ పుస్తకాల సంచులు వేలాడదీశారు. ఒక్కొక్క సంచీ పెరుగుతుంటే స్తంభాలు నవ్వుతూ నిలబడ్డాయి, నేను మాత్రం కూర్చున్నచోటి నుంచి ముందుకు జారిపోయాను. అందరూ నవ్వారు. మేడమ్ నవ్వలేదు. నా వెనక వచ్చి నిలబడి, "అందరు నడుమ వేలాడేదాన్నే సూస్తరు. ఈ పిల్ల ఎంత గుంజుతాందో ఎవ్వరికి కనపడది. వంతెన నిలబడేది, పడిపోయేది ఈమె చేతులనే ఉన్నది" అన్నారు. తీగ కొసలను భూమిలో పట్టి ఉంచే ఆ కాంక్రీటు దిమ్మెల గురించి అట్లా తెలిసింది మాకు.

ఆమె గురించి నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఆ దిమ్మెల దగ్గరే జరిగింది.

కేసముద్రం దాటి లోపలికి పోతే ఒక వాగు, వాగు అవతల ఒక చిన్న పల్లె. వానకాలం వస్తే పిల్లలకు బడి బంద్, పాలు అమ్ముకునేవాళ్లకు దారి బంద్. మా క్లాసులో ఒకడిది ఆ ఊరే. వాడు వానాకాలంలో నెల రోజులు కాలేజీకి రాకపోతే మేడమ్ వాణ్ణి తిట్టడానికి ఊరికి పోయి, వాగు చూసి, నడిచి దాటేందుకు చిన్న వేలాడే వంతెన కడదామన్న ఆలోచనతో తిరిగి వచ్చారు. ఒక దాత సామాను ఇచ్చాడు. పల్లెవాళ్లు చాకిరీ చేశారు. డిజైన్ మేడమ్‌ది. కొలతలు, గీతలు, పరుగులు మావి. ఆ ఎండాకాలమంతా మేం అక్కడే. జూన్ మొదట్లో తీగలు ఎక్కి, చెక్కలు పరిచేసరికి, పల్లెలో ఆడవాళ్లు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. ప్రారంభానికి పట్నం నుంచి ఒక పెద్దాయన వస్తున్నాడని టెంటు కూడా వేశారు.

ముందురోజు బరువు పెట్టి చూడాలని మేడమ్ పట్టుబట్టారు. మార్కెట్ యార్డుకు తోలడానికి సిద్ధంగా ఉన్న వడ్ల బస్తాలను పల్లెవాళ్లు అయిష్టంగానే మోసుకొచ్చి వంతెన మీద వరుసగా పేర్చసాగారు. రెండు వానలు అప్పటికే పడ్డాయి. మేం నడుమ భాగం ఎంత దిగుతున్నదో కొలుస్తున్నాం. మేడమ్ ఇవతలి గట్టున, దిమ్మె వెనక గొంతుక్కూర్చొని ఉన్నారు. అందరి చూపూ బస్తాల మీద ఉంది. బస్తాలు సగానికి పైగా వచ్చాక ఆమె చెయ్యి ఎత్తి ఆపమన్నారు. నేను దగ్గరికి పోయాను. దిమ్మెకూ దాని వెనక మట్టికీ నడుమ ఒక సన్నని పగులు. ఆమె అందులో చిటికెన వేలు పెట్టి చూపించారు. దిమ్మె వాగు వైపుకు జరిగింది. బస్తాలు నెమ్మదిగా, నడుమ నుంచి అటూ ఇటూ సమంగా దింపమన్నారు. గొంతు ఎప్పటిలాగే ఉంది. చేతి వేళ్లకు మాత్రం తడిమట్టి అంటుకొని ఉంది, దాన్ని తుడుచుకోవడం మరిచిపోయారు.

ఊరి పెద్దమనిషి వచ్చాడు. మంచివాడే, వంతెన కోసం అందరికన్నా ఎక్కువ తిరిగినవాడు. "మేడమ్, గిన్ని బస్తాల బరువు ఎన్నడన్న ఎక్కుతదా దీని మీద? మనుషులు ఒక్కొక్కలే పోతరు. రేపటి కార్యం కానియ్యండ్రి, తర్వాత సూస్కుందాం" అన్నాడు.

"పెండ్లి బరాత్ వస్తే ఒక్కొక్కలే పోతరా అన్నా? బడి ఇడిస్తే పిల్లలు ఒక్కొక్కలే ఉరుకుతరా?" అన్నారు మేడమ్. తర్వాత లేచి నిలబడి, అక్కడున్న మా అందరికీ వినపడేటట్టు చెప్పారు. "అవతలి గడ్డన మొరం తగిలింది. ఇవుతల గూడ గదే ఉంటదనుకున్న. లోతుగ తవ్వి సూడలేదు. కింద నల్లరేగడి ఉన్నది, వాన పడంగనే మెత్తవడ్డది. మట్టి తప్పు కాదు, పిల్లల తప్పు కాదు. నా తప్పు."

మరునాడు టెంటు కింద పెద్దాయన వచ్చి కూర్చునేసరికి, మేడమ్ వంతెన మొదట్లో అడ్డంగా ఒక కుర్చీ వేసుకొని కూర్చున్నారు. వాదించలేదు. ఎవరు వచ్చి అడిగినా లేచి, వాళ్లను వెంటబెట్టుకొని పోయి ఆ పగులు చూపించి, మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చున్నారు. పెద్దాయన కూడా వంగి చూశాడు. చాయ్ తాగి వెళ్లిపోయాడు. టెంటు విప్పేశారు. కాలేజీలో దాని గురించి చాలా రోజులు చెవులు కొరుక్కున్నారు. బయటి పనులు ఇకమీదట వేరేవాళ్లు చూస్తారని తేల్చారు. మాకు కూడా ఏడుపొచ్చింది. ఎండాకాలమంతా మోసినవాళ్లం. ఎవరికీ చెప్పకుండా సర్దుకోవచ్చు కదా అని మాలో మేం అనుకున్నాం. ఆమె విన్నారో లేదో తెలియదు. మరుసటి ఆదివారం పొద్దున్నే గడ్డపార పట్టుకొని రైల్వే స్టేషన్లో మాకోసం నిలబడి ఉన్నారు. మేం ఒక్కొక్కరమే వచ్చి చేరాం.

ఆ నెలలోనే కష్టం వచ్చింది. వాగు పొంగిన రోజు పల్లెలో ఒక అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. వంతెన ఎదురుగా ఉంది, దాని మీద కంచె కట్టి ఉంది. ట్రాక్టర్‌లో పరుపు వేసి, వాగు ఎగువన బండల మీదుగా చుట్టుతిరిగి వరంగల్ దవాఖానకు తీసుకొచ్చారు. తెలిసిన వెంటనే మేడమ్ నన్ను వెంటబెట్టుకొని ఫ్లాస్కు నిండా గంజి, రొట్టెలు పట్టుకొని పోయారు. వరండాలో ఆ అమ్మాయి తల్లి కూర్చొని ఉంది. మేడమ్‌ను చూడగానే మొహం తిప్పుకుంది. కాసేపటికి తనే అన్నది. "ఎదురుంగ వంతెన ఉండంగ నా బిడ్డను ట్రాక్టర్ల ఏసుకొని కుదుపుకుంట తెచ్చిన. నువ్వు కట్టినవు, నువ్వే ముళ్లకంప ఏసినవు."

మేడమ్ ఆమె పక్కన నేల మీద కూర్చున్నారు. "నీ కోపం నిజమే అక్కా" అన్నారు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. మట్టి గురించి, దిమ్మె గురించి చెబితే ఆమెకు అర్థమయ్యేదే. నేను చెప్పబోతే మేడమ్ నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపారు. సాయంత్రం దాకా అక్కడే ఉన్నారు. ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమమని నర్సు వచ్చి చెప్పింది. అప్పుడు మేడమ్ కళ్లు మూసుకొని పెదవులు కదిపారు. ఆ తల్లి గంజి ఫ్లాస్కు తీసుకుంది గానీ మేడమ్‌తో మాట్లాడలేదు.

బస్సులో తిరిగి వస్తూ నేను అడిగాను, వంతెన తెరిచి ఉంటే ఏమయ్యేదని. మేడమ్ కిటికీలోంచి చూస్తూ చెప్పారు. "ఏం కాకపోవచ్చు. నలుగురు మోసుకొని దాటిపోతుండె. గాని తెల్వదు గద. దిమ్మె జారితే మల్ల దిద్దుకునేది ఉండది." తర్వాత నా వైపు తిరిగి, "ఈ లెక్క ఆమెకు చెప్పొద్దు బిడ్డా. ఆమె ట్రాక్టర్ల కూసున్నది, మనం కూసోలేదు. లెక్క మనం మోసుకోవాలె, ఆమె మీద పెట్టద్దు" అన్నారు. కొంగుతో మొహం తుడుచుకున్నారు. ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడొక్కసారే.

గట్టి మొరం తగిలేదాకా గొయ్యి తవ్వాం. పాతదానికన్నా చాలా పెద్ద దిమ్మె పోశాం, వాన నీళ్లు దాని వెనక నిలవకుండా రాళ్లతో కాలువ తీశాం. ఈసారి వడ్లు లేవు, ఇసుక బస్తాలతో బరువు పెట్టాం. మేడమ్ ఒక రాత్రంతా బరువు ఉంచమన్నారు. పొద్దున చూస్తే దిమ్మె గీసిన గీత మీదే ఉంది. రిబ్బన్ లేదు, టెంటు లేదు. కంచె తీయగానే బడి పిల్లలు సంచులు ఊపుకుంటూ ఉరికారు. గుంపుగా ఒకే అడుగు వేస్తూ ఎగరొద్దని, ఊపు మీద ఊపు చేరితే వంతెన ఊగుతుందని మేం అరుస్తుంటే, వాళ్లకు ఊగడమే కావాలి. మేడమ్ గట్టు కింద దిమ్మె మీద అరచెయ్యి పెట్టి కూర్చొని ఉన్నారు. జ్వరం చూసినట్టు.

తర్వాత చాలా ఏళ్లకు ఇద్దరం అటు పోయాం. వంతెన కడ్డీల మీద చీరలు ఆరేశారు. ఒకామె నడుమ కూర్చొని బఠానీలు ఒలుచుకుంటూ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నది. నాకు కోపం వచ్చింది. మేడమ్‌కు మాత్రం ఆ రోజంతా మొహంలో వెలుగే. "మరిచిపోయిన్రు సూడు. వంతెన మీద ఉన్నమనే మరిచిపోయిన్రు. గంతకన్న ఏం కావాలె మనకు?" అన్నారు. దవాఖానలో కోపగించుకున్న ఆ తల్లి ఇంటికి కూడా పోయాం. ఆమె చాయ్ ఇచ్చింది, మనవరాలిని చూపించింది. పాత సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

మేడమ్ రిటైరయ్యాక ఒకసారి లక్నవరం చెరువు చూడ్డానికి తీసుకుపోయాను. అందరూ వేలాడే వంతెన నడుమకు పోయి చెరువు వెనక కనపడేటట్టు ఫోటోలు దిగుతుంటే, ఈమె ఒడ్డునే ఆగి తీగలు భూమిలోకి పోయే చోటు వెతుకుతున్నారు. ఫోటో దిగుదాం రండి మేడమ్ అంటే, ఈ దిమ్మె దగ్గరే దిగుదామన్నారు. నా ఫోన్లో ఆమెతో నాకున్న మంచి ఫోటో అదే. వెనక చెరువు లేదు, కాంక్రీటు ఉంది.

ఉద్యోగంలో చేరాక నాకూ ఆమె కుర్చీ లాంటి రోజు వచ్చింది. వరద తగ్గిన మరునాడు ఒక వంతెన మీద బస్సులు వదలమని నాలుగు వైపుల నుంచీ ఫోన్లు. పైన చూస్తే చిన్న గీత కూడా లేదు. నీళ్లు ఇంకా బురదగా ఉన్నాయి, స్తంభాల కింద ఇసుక ఎంత కొట్టుకుపోయిందో కనపడటం లేదు. నేను మేడమ్‌కు ఫోన్ చేశాను. మూయాలో తెరవాలో చెబుతారనుకున్నాను. ఆమె ఒకటే అడిగారు, పునాది చూసినావా అని. లేదన్నాను. "అయితే తెల్వదని చెప్పు. తెల్వదని చెప్పుడు గూడ ఇంజనీర్ పనే. ఫికర్ చేయకు, తిట్లు రెండు రోజులుంటయి" అన్నారు. తెలియదని రాసి సంతకం పెట్టాను. నీళ్లు తేటపడ్డాక మనుషులను దింపి చూస్తే పునాది బాగానే ఉంది. తిట్లు రెండు రోజులు కాదు, నెలంతా ఉన్నాయి. ఆ మాట చెబితే మేడమ్ చాలాసేపు నవ్వారు, నాకు అవతలి నుంచి ఆ నవ్వు దగ్గుగా మారడం వినిపించింది.

ఊపిరితిత్తులు పాడయ్యాయని అప్పటికే డాక్టర్లు చెప్పారట, మాకెవరికీ చెప్పలేదు. చివరి నెలల్లో పోయినప్పుడల్లా వీధి వైపు కుర్చీలో కూర్చొని ఉండేవారు. నా పని గురించి అడిగేవారు, ఎక్కువసేపు మాట్లాడలేక నన్నే మాట్లాడమనేవారు. ఆఖరిసారి నేను తిరిగి వస్తుంటే గడప దాకా రావాలని లేచారు, రాలేకపోయారు. చేయి పట్టుకొని, "పని మీద ఉన్నప్పుడు బూట్లు ఏస్తానవా?" అని అడిగారు. వేస్తున్నాను మేడమ్ అన్నాను.

ఆ శుక్రవారమే జుమా నమాజు తర్వాత జనాజా లేపారు. అప్పటికే వీధి నిండిపోయింది. ఆమె దగ్గర చదివి ఎక్కడెక్కడో పనిచేస్తున్నవాళ్లు, తెల్లబడ్డ జుట్టుతో, సైటు దుమ్ముతో వచ్చారు. వాన సన్నగా పడుతున్నది. ఆడవాళ్లమందరం మేడ మీదికి ఎక్కి పిట్టగోడ దగ్గర నిలబడ్డాం. మేడమ్ చెల్లెలు నా భుజం పట్టుకొని ఉన్నారు. కింద ఒకరు భుజం ఇచ్చి నాలుగు అడుగులు వేసి పక్కకు తప్పుకుంటున్నారు, వెంటనే ఇంకొకరు ఆ చోటికి వస్తున్నారు. టోపీలు పెట్టుకున్నవాళ్లు, బొట్టు పెట్టుకున్నవాళ్లు, తలకు చేతిరుమాలు కట్టుకున్నవాళ్లు. ఎవరు ఎప్పుడు మారుతున్నారో పైనుంచి తెలియడం లేదు. జనాజా మీద కప్పిన, తడిసిన ఆకుపచ్చ చాదర్ మాత్రం కొంచెం కూడా ఒరగకుండా, ఆ తలల మీదుగా నెమ్మదిగా వీధి చివరి దాకా పోయింది.